పనిముట్ల పట్టీ: పేరు, పని



నేడు నేను చెప్పబోవునది కంప్యూటరు తెరపై కనబడు ఒక చిన్న వరుస యొక్క చరిత్ర. మీసేవ కేంద్రమునకు గాని, బ్యాంకునకు గాని, సహకార సంఘపు కార్యాలయమునకు గాని పోయిన పెద్దలు దానిని చూచియే యుందురు. తెర పైభాగమున చిన్న చిన్న బొమ్మలు వరుసగా నుండును. ఒకటి కత్తెర, ఒకటి తెల్లకాగితము, ఒకటి అచ్చుయంత్రము, ఒకటి చదరపు బిళ్ళ. అచట కూర్చున్న యువకుడు మౌసును కదిపి, ఆ బొమ్మలలో నొకదానిపై నొక్కును. మన కాగితము అచ్చై వెలుపలికి వచ్చును. ఆ వరుసను ఇంగ్లీషున టూల్‌బార్ అందురు. మనము పనిముట్ల పట్టీ యనవచ్చును.

ఇంత చిన్న వస్తువునకు చరిత్ర యేమి యని మీరడుగవచ్చును. చరిత్ర కలదు, అందు మన ప్రాంతమునకు సంబంధించిన భాగమును కలదు. పనిముట్టునకు పేరు పెట్టువాడెవడు, ఆ పేరు ఎవరి భాషలో నుండవలెను అను ప్రశ్న అందు ఇమిడి యున్నది. కరీంనగరు, ఆదిలాబాదు సీమల పెద్దలకు ఆ ప్రశ్న క్రొత్తది కాదు.

పూర్వము కంప్యూటరుతో పని చేయువాడు ఆజ్ఞలను ఒక్కొక్క అక్షరముగా మీటలపై కొట్టి వ్రాయవలసి యుండెను. ఆ ఆజ్ఞలు ఇంగ్లీషు మాటలు, లేక వాని పొట్టి రూపములు. ఒక్క అక్షరము తప్పినను పని జరుగదు. 1981లో ఐబీఎం కంపెనీవారు విక్రయింప మొదలిడిన చిన్న కంప్యూటరునందును ఈ పద్ధతియే యుండెను.

ఈ కష్టమును తొలగింపవలెనని అమెరికాలో కొందరు అంతకు ముందే పూనుకొనిరి. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున డగ్లసు ఎంగెల్‌బార్టు అను శాస్త్రజ్ఞుడు చేతితో కదుపు మౌసును సభలో ప్రదర్శించెను. 1973లో కాలిఫోర్నియాయందలి జిరాక్సు కంపెనీ పరిశోధనాలయమున ఆల్టో అను కంప్యూటరు తయారయ్యెను. దాని తెరపై అక్షరములే గాక బొమ్మలును కనబడెను. ఆ పరిశోధనాలయముననే లారీ టెస్లరు, టిం మాటు అనువారు జిప్సీ అను వ్రాతపని ప్రోగ్రామును సిద్ధపరచి, వ్రాతలో ఒక భాగమును కత్తిరించి వేరొకచోట అతికించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. కత్తెరయు జిగురును చెంత నుంచుకొని వ్రాతప్రతులను సవరించు సంపాదకుల అలవాటును వారు తెరపైకి తెచ్చిరి. నేటి పట్టీపై కత్తెర బొమ్మ కనబడుట అందువలననే.

1984 జనవరిలో ఆపిల్ కంపెనీ మాకింటాషు అను కంప్యూటరును విడుదల చేసెను. అందు బొమ్మలు గీయుటకు బిల్ అట్కిన్‌సను వ్రాసిన మాక్‌పెయింటు అను ప్రోగ్రాము ఉండెను. తెరకు ఎడమప్రక్కన పెన్సిలు, కుంచె, రబ్బరు, రంగుడబ్బా మొదలగు పనిముట్లు బొమ్మల రూపమున పేర్చబడినవి. మాకింటాషు బొమ్మలను చిత్రించినది సూసన్ కేర్ అను చిత్రకారిణి. చదువ నవసరము లేకయే చూడగానే తెలియవలెనని ఆమె తలంపు.

నిర్మల బొమ్మలు చేయు కళాకారుని తలచుకొనుడు. పొనికి కర్రను చెక్కునప్పుడు ఆతడు ఉలిని, కుంచెను చేతికందునంత దూరమున పెట్టుకొనును. ప్రతిసారియు లేచి పెట్టె తెరచి వెదకడు. పట్టీ వెనుకనున్న ఆలోచన అదియే. ఆజ్ఞలన్నియు మెనూ అను జాబితాలో మడిచి యుంచి, నిత్యము వాడువానిని మాత్రము బయట వరుసగా నిలుపుట. 1990లో మైక్రోసాఫ్టు కంపెనీవారి ఎక్సెల్ అను లెక్కల ప్రోగ్రాము మూడవ కూర్పున ఇట్టి వరుస మెనూ క్రింద నిలిచినది. 1995లో విండోసు 95తో పట్టీ సిద్ధవస్తువైనది. అనగా ప్రోగ్రాము వ్రాయువారు ప్రతివారును పట్టీని మొదటినుండి కట్టుకొన నక్కరలేదు. వడ్రంగి చేసి యుంచిన ద్వారబంధమును ఇంటివారు తెచ్చి నిలుపుకొన్నట్లు, సిద్ధముగానున్న దానిని తెచ్చి తమ బొమ్మలను అందు పేర్చుకొనవచ్చును. 2007లో మైక్రోసాఫ్టువారు తమ కార్యాలయపు ప్రోగ్రాములలో పట్టీని విస్తరించి వెడల్పైన రిబ్బను గావించిరి. రూపము మారినను మూలసూత్రము మారలేదు.

ఇక పట్టీ లోపలి కట్టడమును చూతము. తెరపై మనకు ఒక బొమ్మ మాత్రమే కనబడును గాని, ప్రోగ్రాములో ఆ బొత్తామునకు అయిదు అంగములు కలవు. మొదటిది బొమ్మ. రెండవది పేరు. మూడవది చిన్న సూచన. బాణపు గుర్తును బొమ్మపై కొంతసేపు నిలిపినచో అది చీటీవలె తేలి కనబడును. నాలుగవది స్థితి, అచ్చు వేయుటకు ఏమియు లేనప్పుడు అచ్చు బొత్తాము వెలవెలబోయి నొక్కినను పలుకదు. అయిదవది పని, అనగా నొక్కినప్పుడు యంత్రము చేయవలసిన కార్యము.

ఈ అయిదింటిని ఒక్క ముద్దగా కలిపి వ్రాయుట సులభమే. కాని వివేకవంతులైన ప్రోగ్రాము రచయితలు కనబడుదానిని, జరుగుదానిని వేరు చేసిరి. 1979లో నార్వే దేశస్థుడగు ట్రిగ్వె రీన్‌స్కౌగు, పైన చెప్పిన జిరాక్సు పరిశోధనాలయమున ఉన్నప్పుడు, ప్రోగ్రామును మూడు భాగములుగా విభజింపవలెనని సూచించెను: విషయము ఒకటి, దాని రూపము ఒకటి, వాడువాని చేష్టను అందుకొనునది ఒకటి. తరువాత వచ్చిన క్యూటీ, జావా స్వింగు మొదలగు సామగ్రులలో యాక్షను అను వస్తువు ఏర్పడినది. అచ్చు వేయుట అను యాక్షనును ఒకసారి వ్రాసినచో దానినే మెనూలోను, పట్టీపైనను, మీటల కలయికకును తగిలింపవచ్చును. ఒకచోట దానిని ఆపినచో అన్నిచోట్లను ఆగును. గ్రామమున నీటి తూమును మూసినచో కాలువ లన్నియు ఎండినట్లు.

పేరు వేరు, పని వేరు అయిన పిదప మరొక ద్వారము తెరచుకొన్నది. పనిని ముట్టకుండ పేరును మార్చవచ్చును గదా! 1995లో ఉల్రిక్ డ్రెప్పరు స్వేచ్ఛా సాఫ్టువేరు కొరకు గెట్‌టెక్స్టు అను సాధనమును వ్రాసెను. దాని పద్ధతి మన పెద్దలకు చిట్టా పుస్తకము వలె సులభముగా తెలియును. ఒక పంక్తిలో ఇంగ్లీషు మాట యుండును. దాని క్రింది పంక్తి ఖాళీగా నుండును. అందు మన భాషలోని మాటను వ్రాయవలెను. ప్రోగ్రాము నడచునప్పుడు యంత్రము ఆ పుస్తకమును చూచి, వాడువాని భాషలోని మాటను బొత్తాముపై నిలుపును. క్రింది పంక్తి ఖాళీగా విడిచినచో యంత్రము పని మానదు, ఫిర్యాదును చేయదు. ఊరక ఇంగ్లీషు మాటనే చూపును. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొన గోరుచున్నాను. మనము వ్రాయనిచోట ఇంగ్లీషు తనంత తానే నిలుచును.

తెలుగు మాట తెరపై నిలుచుటకు ముందు తెలుగు అక్షరమునకు యంత్రమున స్థానము కావలెను. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందే తెలుగు లిపికి 128 స్థానములు కేటాయింపబడినవి. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పీలో గౌతమి అను తెలుగు అక్షరరూపము చేరినది. 1996లో కేడీఈ, 1997లో గ్నోము అను స్వేచ్ఛా కార్యతలములు ఆరంభమైనవి. వీని బొత్తాములకు తెలుగు పేర్లు వ్రాసినవారిలో పెక్కురు స్వచ్ఛందముగా పని చేసిన యువకులు. హైదరాబాదున స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగు ముఖముతోడి కంప్యూటరు వ్యవస్థ కొరకు కృషి చేసిరి.

ఈ పని కేవలము నిఘంటువు చూచి మాటలు నింపుట కాదు. మన లిపిలో అక్షరము పైకిని ఎగయును, క్రిందికిని దిగును. ముద్రించు అను మాటలో క్రావడి అక్షరము అడుగున చేరును. ఇంగ్లీషు అక్షరముల ఎత్తుకు సరిపడునట్లు బొత్తాము ఎత్తును ముందే బిగించి వ్రాసినచో ఆ క్రావడి తెగిపోయి, ముద్రించు అనునది ముదించు అయి కనబడును. కావున బొత్తాము ఎత్తును, వెడల్పును బిగింపక, లోపలి మాటను కొలిచి దానికి తగినట్లు పెరుగునట్లు వ్రాయుట మంచి పద్ధతి. ఒక్క తెలుగునకే గాక సర్వభాషలకును ఇది మేలు.

మరొక చిక్కు మర్యాదకు సంబంధించినది. బొత్తాముపై తెరువు అని వ్రాయవలెనా, తెరువండి అని వ్రాయవలెనా? ఇంగ్లీషున ఈ భేదము లేదు. ఆలోచించి చూడగా, బొత్తాము నొక్కునది మనిషి, ఆజ్ఞ నందుకొనునది యంత్రము. యంత్రమునకు తెరువు అనినచో చాలును. కాని యంత్రమే మనిషితో మాటలాడి పేరు, ఊరు అడుగునప్పుడు వ్రాయండి అనవలెను. పెద్దవారిని వ్రాయి అని ఏకవచనమున పలుకరించు యంత్రము మన ఊళ్ళలో చెల్లదు. ఈ వివేకము తెలుగు ఇంట పెరిగినవానికి సహజముగా వచ్చును. ప్రోగ్రాము వ్రాయుట ఎరుగని పెద్దలకును ఇందు పని కలదని దీనివలన తేలుచున్నది.

ఇక మాటల ఎంపిక. ఇంగ్లీషు ఫైలునకు కొందరు ఫైలు అనియే వ్రాసిరి. కొందరు దస్త్రము అనిరి. దస్త్రము పార్సీనుండి వచ్చి మన పట్వారీల నోట నలిగిన మాట. గుడ్డలో కట్టిన దస్త్రమును చంకనిడుకొని తిరిగిన పట్వారీని ఎరిగిన పెద్దలకు ఆ మాటను వివరింప నక్కరలేదు. తెలుగునకు వెలుపల పుట్టిన మాట యైనను ఊరిలో బ్రతికిన మాట యగుటచే అది పట్టీపై చక్కగా ఒదిగినది. పండితుడు క్రొత్తగా కల్పించిన మాటకంటె, సంతలోను, చావడిలోను చెల్లిన మాట త్వరగా నాటుకొనును.

ఆ పట్వారీ కాలమునే ఒకసారి స్మరింతము. హైదరాబాదు రాజ్యమున మొదట పార్సీ, పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండి ఉర్దూ సర్కారు భాషలుగా నుండెను. రైతు దున్నునది తెలుగు నేల. కచేరి కాగితము మాత్రము వేరొక భాష. పహాణీలో తన పేరెదుట ఏమి వ్రాయబడినదో తెలియుటకు అతడు ఇంకొకని నోటివైపు చూడవలసి వచ్చెను. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపగా సభలోనివారు కొందరు గేలి చేసిరి. ఆ అవమానమే ఆంధ్రజన సంఘము పుట్టుటకు కారణమైనది. 1966లో శాసనము ద్వారా తెలుగు అధికారభాష యైనది. 1984లో పట్వారీ వ్యవస్థయు రద్దయ్యెను.

అంత శ్రమపడి కాగితముమీద సంపాదించినదానిని తెరమీద పోగొట్టుకొనుట తగునా? నేడు భూమి లెక్కలు తెరపైకి చేరినవి. రైతు మరల బల్లకు ఈవల నిలిచి, ఆవల కూర్చున్నవాని నోటివైపు చూచుచున్నాడు. ఆ యువకుడు సజ్జనుడే కావచ్చును. అయినను ఏ బొత్తాము నొక్కబడినదో రైతు తన కన్నులతో చదువగలిగిన నాడు అతని ధైర్యము వేరు. భద్రపరచు అను మాటకును, తొలగించు అను మాటకును గల భేదము ఒక కుటుంబపు బ్రతుకునకు సంబంధించినది.

తెలుగునకే ఇంత పని మిగిలియుండగా, మన అడవి సీమ సోదరుల మాట యేమి? ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలమున గుంజాల అను గ్రామము కలదు. 2006 ప్రాంతమున ఆచార్య జయధీర్ తిరుమలరావుగారును, తోటి పరిశోధకులును ఆ గ్రామమున గోండీ భాషకు చెందిన వ్రాతప్రతులను వెలుగులోనికి తెచ్చిరి. ఆ లిపికి గుంజాల గోండీ యని పేరు. అంశుమాన్ పాండేగారు దానిని యూనికోడులో చేర్చుటకు ప్రతిపాదన సిద్ధపరచిరి. 2018 జూనులో వెలువడిన యూనికోడు 11వ కూర్పునందు దానికి 80 స్థానములు కేటాయింపబడి, 63 నింపబడినవి. ఒక మారుమూల గ్రామమున కొలదిమంది పెద్దలు దాచి యుంచిన అక్షరములు ప్రపంచపు యంత్రములన్నిటికిని తెలియు అక్షరములైనవి. వాని నెరిగిన పెద్దలు నిలుపుకొనకున్నచో, ఏ యంత్రము వానిని కల్పింపగలదు?

అయితే అక్షరమునకు స్థానము దొరకుట మొదటి మెట్టు మాత్రమే. బొత్తాముపై గోండీ మాట కనబడవలెనన్నచో ఎవరో కూర్చుండి, ఆ ఖాళీ పంక్తులను ఒక్కొక్కటిగా నింపవలెను. తెరువు అనుటకు, దాచు అనుటకు, వెదకు అనుటకు గోండులు ఇంట ఏ మాట వాడుదురో అడిగి వ్రాయవలెను. అది దూరముననున్న కంపెనీకి చేతకాని పని. ఉట్నూరు, నార్నూరు పెద్దలకు చేతనైన పని.

చదరపు బిళ్ళ బొమ్మను గూర్చి చెప్పి ముగింతును. అది ఒకప్పుడు వ్రాతలను భద్రపరచిన ఫ్లాపీ అను బిళ్ళ. సోనీ కంపెనీ 2011లో జపానునందు వాని విక్రయమును నిలిపివేసెను. నేటి బాలురు అట్టి బిళ్ళను చేతపట్టి యెరుగరు. అయినను బొమ్మ పట్టీపై నిలిచియే యున్నది. ఒకసారి నిలిచిన గుర్తు తొందరగా కదలదు. కావుననే మొదటనే మన మాట అచట నిలుచునట్లు చూచుకొనుట అవసరము. మీ మనుమలలో ఎవరైన ఈ విద్య నేర్చుచున్నచో, వారిని చెంత కూర్చుండబెట్టుకొని, ఈ పనికి మన ఊరిలో ఏమందురో చెప్పుడు. పంక్తిని వారు నింపుదురు, మాట మీదగును.