బూజు గడ్డిలోంచి వచ్చిన మందు

కాలి సిరలో నెత్తురు గడ్డకట్టిందని డాప్లర్ స్కానింగ్‌లో తేలితే డాక్టర్లు రాసే మందుల్లో వార్ఫరిన్ ఒకటి. దాని పుట్టిల్లు బూజుపట్టిన గడ్డివాము.

1920ల్లో కెనడాలో, అమెరికా ఉత్తర ప్రాంతాల్లో పశువులకు అంతుచిక్కని జబ్బు వచ్చింది. కొమ్ములు కోసినా, విత్తులు కొట్టించినా నెత్తురు ఆగేది కాదు. ఒంటరియోలో పశువైద్యుడు ఫ్రాంక్ స్కోఫీల్డ్ స్వీట్ క్లోవర్ మేతను అనుమానించాడు. బాగున్న కాడలు ఒక కుందేలుకు, చెడిన కాడలు ఇంకో కుందేలుకు పెట్టి చూశాడు. చెడినవి తిన్న కుందేలు లోపల నెత్తురు కారి చచ్చిపోయింది. ఇంత సులువైన పరీక్షతో అసలు ముడి విప్పిన మనిషి పేరు ఈ కథలో వెనక్కిపోవడం నాకు అన్యాయమే అనిపిస్తుంది. కొరియా స్వాతంత్ర్యోద్యమానికి అండగా నిలిచినందుకు ఆ దేశం మాత్రం ఆయన్ని మరచిపోలేదు. సమాధి సియోల్ జాతీయ శ్మశానంలో ఉంది.

అందరూ చెప్పుకునే ఘట్టం 1933 ఫిబ్రవరిది. విస్కాన్సిన్ రైతు ఎడ్ కార్ల్‌సన్ మంచుతుపానులో దాదాపు 300 కిలోమీటర్లు ట్రక్కు నడుపుకుంటూ మాడిసన్ చేరాడు. ట్రక్కులో చచ్చిన పెయ్య, పాలక్యానులో గడ్డకట్టని నెత్తురు, చెడిన మేత. పశువైద్యాధికారి ఆఫీసు మూసి ఉండడంతో జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాల తలుపు తట్టాడు. ఆ మేత మానేయమనీ, మిగిలిన పశువులకు మంచి నెత్తురు ఎక్కించమనీ చెప్పడం తప్ప లింక్ చేయగలిగిందేమీ లేదు. కానీ పట్టు వదల్లేదు. ఆరేళ్లకు, 1939 జూన్‌లో, ఆయన ప్రయోగశాలలోని హెరాల్డ్ క్యాంప్‌బెల్ ఆ విషాన్ని స్ఫటికాలుగా పట్టాడు. అదే డైకుమరాల్. గడ్డికి కమ్మటి వాసన ఇచ్చే కూమరిన్‌ను బూజు మార్చేస్తే పుట్టే పదార్థం.

దాని వరసలోనే తయారైన వార్ఫరిన్‌ను 1948లో ఎలుకల మందుగా అమ్మారు. 1951లో ఒక అమెరికన్ సైనికుడు చావాలని దాన్ని పదేపదే మింగాడు. ఆసుపత్రిలో విటమిన్ కె ఇస్తే తేరుకున్నాడు. విరుగుడు ఉందని తేలాక డాక్టర్లకు ధైర్యం వచ్చింది. 1954లో మనుషులకు అనుమతి దొరికింది. మరుసటి ఏడు గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కూ ఇచ్చారు.

వార్ఫరిన్ అప్పటికే ఉన్న గడ్డను కరిగించదు. నెత్తురు గడ్డకట్టించే ప్రోటీన్లు కాలేయంలో తయారవడానికి విటమిన్ కె కావాలి. దాన్ని మళ్లీ వాడుకోనివ్వకుండా అడ్డుపడుతుంది. అందుకే ప్రభావం కనిపించడానికి రోజులు పడుతుంది, ఆలోగా హెపారిన్ సూదులు వేస్తారు. ధమనుల్లో గడ్డలకు ప్లేట్‌లెట్లు ముఖ్య కారణం కాబట్టి అక్కడ ఎక్కువగా ఆస్పిరిన్ లాంటివి వాడతారు.

కొత్త మాత్రలొచ్చి వార్ఫరిన్ వాడకం తగ్గింది. గుండెలో లోహపు కవాటం పెట్టించుకున్నవాళ్లకు మాత్రం ఇప్పటికీ ఇదీ, మన దగ్గర బాగా రాసే దీని దాయాది ఎసినోకూమరాలే దిక్కు. విటమిన్ కె ఉంటుందని వాళ్లు పాలకూర, తోటకూర పూర్తిగా మానక్కర్లేదు. ఒక వారం అసలు ముట్టకుండా, మరుసటి వారం రోజూ వండుకుంటేనే, నెత్తురు గడ్డకట్టే వేగాన్ని చూపే ఐఎన్‌ఆర్ లెక్క తప్పుతుంది.