రోటరు మాటను విడదీసిన లెక్క

రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. వంటి కర్మాగారాల్లో పనిచేసిన మన సభ్యులకు ప్యానెల్ మీది రీడ్ ఫ్రీక్వెన్సీ మీటరు గుర్తుండే ఉంటుంది. వరుసగా సన్నని ఉక్కు రేకులు. సప్లయి 50 సైకిళ్ళ మీద ఉంటే 50 అంకె దగ్గరి రేకు గట్టిగా ఊగేది, దూరంగా ఉన్నవి కదలవు. కలగలిసిన కదలికలో ఏ వేగానిది ఎంత పాలు ఉందో విడదీయడమే స్పెక్ట్రమ్ విశ్లేషణ. ఆ పేరు వినకముందే ఆ పని మన కళ్ళ ముందు జరిగేదన్నమాట.

చెకొస్లొవేకియా సహకారంతో 1960వ దశకంలో వెలసిన ఆ కర్మాగారంలో టర్బైన్లు, కంప్రెసర్లు, పంపులు తయారయ్యాయి. నిమిషానికి 3000 చుట్లు తిరిగే రోటరు సెకనుకు 50 చుట్లు తిరుగుతుంది. బేరింగు వద్ద వైబ్రేషన్ పెరిగితే ఎంత పెరిగిందో మీటరు సూది చెబుతుంది, ఎందుకు పెరిగిందో చెప్పదు. 50 వద్ద ఎక్కువైతే బ్యాలెన్సింగ్ లోపాన్ని, 100 వద్ద అయితే కప్లింగు అలైన్‌మెంటును, 25కు కాస్త దిగువన అయితే బేరింగులోని ఆయిలు పొరను అనుమానించాలి. కారణం తెలియక కేసింగు విప్పితే రోజుల తరబడి యంత్రం ఆగిపోతుంది. విప్పకుండా నడిపితే బేరింగే పోవచ్చు. స్క్రూడ్రైవరు కొన బేరింగుకు, పిడి చెవికి ఆనించి లోపం పసిగట్టే ఫిట్టర్ల నేర్పు తక్కువేమీ కాదు. అయితే రిపోర్టులో రాయడానికి అంకె కావాలి కదా!

ఎంతటి చిక్కు కదలికనైనా సైన్ తరంగాలుగా విడదీయవచ్చని ఫ్రెంచి గణితవేత్త ఫూరియే 1822 నాటి గ్రంథంలో చూపాడు. కష్టమంతా లెక్కలోనే. 1024 కొలతలకు మామూలు పద్ధతిలో 10 లక్షలకు పైగా గుణకారాలు కావాలి. సైన్ వక్రంలో అవే విలువలు తిరిగి తిరిగి వస్తాయి గనుక, జర్మన్ గణితవేత్త కార్ల్ రుంగే కొలతలను కాగితం మడిచినట్లు జతపరిచి, ముందు కూడికలు, తీసివేతలు చేసి, ఆ పైన గుణించే పట్టికలు తయారుచేశాడు. స్లైడ్ రూలు కాలపు ఇంజనీర్లకు అవే దిక్కు.

1965లో అమెరికాలో కూలీ, ట్యూకీ ఈ పొదుపును చివరికంటా తీసుకువెళ్ళారు. సరి స్థానాల కొలతలు ఒక గుంపు, బేసివి ఒక గుంపు; ఒక్కో గుంపునూ మళ్ళీ అలాగే సగం చేయాలి. 1024ను పదిసార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది. పని సుమారు 10 వేల గుణకారాలకు దిగింది, అంటే వంద రోజుల పని ఒక్క రోజుకు! భూగర్భ అణుపరీక్షలను భూకంప తరంగాల నుంచి గుర్తుపట్టే అవసరం ఈ పరిశోధనకు ఒక ప్రేరణ. చిత్రమేమంటే ఇదే ఉపాయాన్ని గౌస్ 1805 ప్రాంతంలోనే, చిన్న గ్రహాల కక్ష్యల కోసం రాసిపెట్టుకున్నాడు. ఆయన పోయాక 1866లో గానీ అది అచ్చు కాలేదు.

ఈనాడు మనవల చేతి సెల్‌ఫోనులోనూ ఈ లెక్క క్షణంలో నడుస్తుంది. కాలనీ ట్రాన్స్‌ఫార్మరు హోరును చూపితే శిఖరం 50 వద్ద కాక 100 వద్ద కనిపిస్తుంది. ఒక్కో సైకిల్‌లో ఇనుప కోరు రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది గనుక. మోటారులోనూ ఇలాంటి 100 రావచ్చు. అది అలైన్‌మెంటుదా, కరెంటుదా అని తేల్చుకోవాలంటే స్విచ్ ఆపి చూడాలి: కరెంటుదైతే ఆ శిఖరం తక్షణమే మాయమవుతుంది, అలైన్‌మెంటుదైతే రోటరు వేగంతోపాటు మెల్లగా దిగుతుంది.