బందరు రేవు, చిరివేరు ఎరుపు

పదిహేడో శతాబ్దంలో తెరచాప ఓడ మీద మచిలీపట్నం (బందరు) వచ్చిన యాత్రికుడికి లంగరు దించగానే ఊళ్లో కాలుపెట్టే వీలుండేది కాదు. తీరం పల్లం, సముద్రం లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు ఒడ్డుకు దూరంగా ఆగేవి, మనుషులూ సరుకూ చిన్న పడవల్లో ఉప్పుటేటి గుండా పట్టణం చేరవలసి వచ్చేది. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే, ఊళ్లోని ఇళ్లు కొయ్యవని రాస్తూనే, ఓడలు నిలవడానికి బంగాళాఖాతంలో ఇంతకన్నా మేలైన చోటు లేదని మెచ్చుకున్నాడు. పెగూ, సయాం, అరకాన్, హోర్ముజ్, మక్కా దారులన్నీ ఈ గోల్కొండ రేవు నుంచే బయలుదేరేవి. నైరుతి గాలి ఓడలను తూర్పు దీవులకు తోలితే, ఈశాన్య గాలి వాటిని వెనక్కి తెచ్చేది. కనుక బేరసారాలకు గాలే పంచాంగం.

బందరు చరిత్ర రాసినవారు డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి కోఠీల (అంటే విదేశీ వర్తకుల గిడ్డంగీ కచేరీ కలిసిన కట్టడాల) గురించి విస్తారంగా రాశారు గాని, 1611లో ‘గ్లోబ్’ అనే ఇంగ్లీషు ఓడను ఇక్కడికి రప్పించినది రేవు సౌకర్యం కాదు, బట్ట. తూర్పు దీవుల్లో మిరియాలకూ లవంగాలకూ మారకంగా కోరమాండల్ బట్టే చెల్లేది కాబట్టి, సుగంధ ద్రవ్యాలు కావలసినవాడు ముందు ఈ తీరపు నేతగాడికీ అద్దకందారుకీ దళారుల చేత బయానా ఇప్పించి, బట్ట తయారయ్యేదాకా కాచుకోవలసిందే.

ఆ బట్టకు పేరు తెచ్చిన ఎరుపు చిరివేరుది. తీరపు ఇసుక నేలల్లో పెరిగే ఈ చిన్న మొక్క వేళ్లలో, అప్పట్లో పెద్దపల్లి అని పిలిచిన నిజాంపట్నం ప్రాంతానివి శ్రేష్ఠమైనవిగా పేరుపడ్డాయి. ముతకతనం పోయేలా ఉతికి ఆరేసిన గుడ్డను కరక్కాయ రసంలోనూ గేదె పాలలోనూ నానబెట్టేవారు. పాలలోని కొవ్వు, పైన రాసిన ద్రవం పక్కకు పాకకుండా ఆపుతుంది. తుప్పుపట్టిన ఇనుమును బెల్లంతో పులియబెట్టి తీసిన కసీమి అనే ద్రవంతో గీత గీస్తే, కరక్కాయ తగిలిన గుడ్డ మీద అది నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట మాత్రం పటిక నీళ్లు రాసేవారు. పటికకు తనదైన రంగు లేదు. వేరు వేసిన కాగులో గుడ్డను మరిగించినప్పుడు పటిక పడిన మేరే ఎరుపు పట్టి, మిగతా చోట అంటిన మరక పారే నీటిలో ఉతికి, ఎండలో పరిస్తే వదిలిపోతుంది. పనివాడు గీసేటప్పుడు కంటికి ఆనని బొమ్మను ముందే మనసులో చూడగలగాలి. ఈ విద్యలోని అసలు కష్టం అదే.

చిత్రించిన పని కలంది, వేగంగా సాగే పని టేకు అచ్చులది. పారసీక గిరాకీ కోసం తీగలూ సైప్రస్ చెట్లూ, ఐరోపా ఇళ్ల కోసం పూల చెట్టు పరచిన మంచపు దుప్పట్లూ తయారయ్యేవి. నమూనాలు ఓడల్లో అక్కడినుంచే వచ్చేవి. ఈ బట్టల మోజుకు సొంత నేతగాళ్లు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు వీటి వాడకం మీద నిషేధాలు విధించాయి. ఓడల రాకపోకలను మించి, బందరు పనితనానికి అవే గట్టి సాక్ష్యాలు.

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. 1759లో మచిలీపట్నం కోట ఫ్రెంచివారి నుంచి ఇంగ్లీషువారికి చిక్కింది. అప్పటికే వర్తకం చాలావరకు మద్రాసుకు తరలిపోయింది. 1864 నవంబరు 1న తుపాను ఉప్పెన ఊరిని ముంచి వేలాది ప్రాణాలు తీసింది. అద్దకానికి అసలు దెబ్బ మాత్రం సముద్రం నుంచి కాక ప్రయోగశాల నుంచి వచ్చిందనాలి: 1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబే, లీబర్మన్ చిరివేరులోని ఎరుపు పదార్థమైన అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేయడంతో, ఎరుపు కోసం ఇసుక నేలల్లో వేళ్లు తవ్వే పని క్రమంగా మూలపడింది. మచిలీపట్నం పక్కనున్న పెడనలో ఇప్పటికీ పటిక అచ్చు వేసిన గుడ్డలను రాగి కాగుల్లో మరిగిస్తున్నారు. కాగులో పడేది మాత్రం అలిజరిన్.