చంద్రుడి చాటున శుక్రుడు: మెదక్ నుంచి చూడాలంటే ఏం తెలుసుకోవాలి?

మెదక్: 2023 మార్చి 24, శుక్రవారం. ఉగాది అయి రెండు రోజులు, రంజాన్ మాసంలో తొలి ఉపవాసం. ఆ సాయంత్రం పడమటి ఆకాశంలో సన్నని నెలవంక, దాని కిందే ఒక మెరిసే చుక్క. తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ స్టేటస్‌లన్నీ ఆ ఫొటోతోనే నిండిపోయాయి. ఆ చుక్క నక్షత్రం కాదు, శుక్ర గ్రహం. తెల్లవారుజామున కనిపిస్తే మనవాళ్లు వేగుచుక్క అనేది దీన్నే.

అయితే ఫొటోలు తీసిన చాలామందికి తెలియని విషయం ఒకటుంది. వాళ్లు చూసింది సినిమా అయిపోయాక వచ్చే పేర్లు మాత్రమే. దేశంలో చాలా ప్రాంతాల్లో అసలు ఘట్టం అంతకుముందే, ఎండ ఉండగానే జరిగిపోయింది. చంద్రుడు శుక్రుడి ముందుకొచ్చి, కాసేపు పూర్తిగా కప్పేసి, మళ్లీ వదిలేశాడు. జనం మేడలెక్కేసరికి శుక్రుడు బయటికొచ్చేసి నెలవంక కింద నిలబడి ఉన్నాడు.

అసలేం జరుగుతుంది?

దీన్ని శాస్త్రవేత్తలు లూనార్ ఆకల్టేషన్ అంటారు. చంద్రుడు మనకు సగటున 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. ఆ రోజు శుక్రుడు ఉన్నది దాదాపు 18 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అందుకే 12 వేల కిలోమీటర్ల వ్యాసమున్న గ్రహం కూడా 3,474 కిలోమీటర్ల చంద్రుడి వెనక ఆవగింజలా దాక్కుంటుంది.

నక్షత్రాల మధ్య చంద్రుడు గంటకు సుమారు తన వెడల్పు అంత దూరం తూర్పుకు జరుగుతాడు. ఆ దారిలో గ్రహం అడ్డొస్తే కప్పేస్తాడు. గ్రహణానికి మనం చెప్పుకునే పట్టు, విడుపు అన్న మాటలు ఇక్కడా సరిగ్గా సరిపోతాయి. సాయంత్రం నెలవంకలో వెలుగున్న అంచు కింద, సూర్యుడి వైపు ఉంటుంది. పై భాగం మనకు కనిపించని చీకటి. కాబట్టి పట్టు చీకటి అంచు దగ్గర. అంటే పక్కన ఏమీ లేనట్టే ఉన్న చోట శుక్రుడు ఒక్కసారిగా మాయమవుతాడు. విడుపు మాత్రం వెలుగు అంచు నుంచి.

నక్షత్రమైతే రెప్పపాటులో ఆరిపోతుంది, ఎందుకంటే అది మనకు ఒక బిందువు. శుక్రుడు చిన్న బిళ్ల. టెలిస్కోపులో చూస్తే అంచు నుంచి కొద్దికొద్దిగా కరిగిపోతూ పూర్తిగా పోవడానికి అర నిమిషం దాకా పట్టొచ్చు. వీడియోకి ఇంతకంటే మంచి అర నిమిషం దొరకదు!

ప్రతి నెలా ఎందుకు జరగదు?

చంద్రుడు నెలకోసారి శుక్రుడిని పలకరిస్తూనే ఉంటాడు. కానీ చంద్రుడి దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. దాంతో చాలాసార్లు పైనుంచో కిందనుంచో దాటిపోతాడు.

ఇంకో మెలిక కూడా ఉంది. మెదక్ చర్చి ఆవరణలో నిలబడి, 175 అడుగుల ఆ గోపురం అంచున ఒక చుక్క కనిపించేలా చూడండి. నాలుగు అడుగులు పక్కకు వేస్తే చుక్క గోపురం వెనక్కి పోతుంది. చుక్క కదల్లేదు, గోపురం కదల్లేదు, మీరు కదిలారు. చంద్రుడి విషయమూ అంతే. భూమ్మీద చోటు మారితే చంద్రుడు వేరే చోట ఉన్నట్టు కనిపిస్తాడు. 2008 డిసెంబర్ 1న శుక్రుడు, గురుడు, నెలవంక కలిసి ఆకాశంలో నవ్వు ముఖం కట్టాయని మనమంతా మురిసిపోయాం. అదే రోజు కొన్ని గంటల తర్వాత యూరప్‌లో చాలామందికి శుక్రుడు చంద్రుడి వెనక దాక్కోవడమే కనిపించింది.

అందుకే ఢిల్లీ టైమ్‌ను ఫార్వర్డ్ చేసుకుని మెదక్‌లో మేడెక్కితే లాభం లేదు. నిమిషాలు కచ్చితంగా తేడా వస్తాయి. అంచుల్లో ఉన్న ఊళ్లకైతే అసలు కప్పడమే ఉండకపోవచ్చు. స్టెల్లేరియం లాంటి యాప్‌లో మెదక్ లొకేషన్ పెట్టి, తేదీ ముందుకు జరిపితే మన ఊరి పట్టు, విడుపు టైమ్ తెలిసిపోతుంది.

హైదరాబాద్‌కు దీనితో పాత అనుబంధం

చూడ్డానికి సరదాగా ఉన్నా ఇది ఒకప్పుడు గంభీరమైన పని. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాద్ ఫిసల్‌బండలో నెలకొల్పిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు మారింది. చంద్రుడి వెనక్కి నక్షత్రాలు వెళ్లే క్షణాలను అక్కడ ఏళ్ల తరబడి నమోదు చేశారు. ఆ క్షణం కచ్చితంగా తెలిస్తే చంద్రుడు లెక్క ప్రకారమే నడుస్తున్నాడా లేదా అన్నది తేలుతుంది.

ఆ అబ్జర్వేటరీలో పనిచేసిన ఉద్యోగి కొడుకే వేణు బప్పు. హైదరాబాద్‌లో పెరిగి నిజాం కాలేజీలో చదివిన ఆయన తర్వాత తమిళనాడులో కావలూర్ అబ్జర్వేటరీని నెలకొల్పారు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని కప్పేటప్పుడు కావలూర్‌లోనూ పరిశీలించారు. గ్రహం ఇంకా దగ్గరికి రాకముందే నక్షత్రం వెలుగు కాసేపు తగ్గింది. ఆ రాత్రి వేర్వేరు చోట్ల చేసిన పరిశీలనలతోనే యురేనస్‌కు వలయాలున్నాయని ప్రపంచానికి తెలిసింది. ఒక చుక్క ఆరిపోవడాన్ని ఓపిగ్గా చూసినందుకు దక్కిన ఫలితమది.

మెదక్‌లో ఎక్కడ, ఎలా?

సాయంత్రం ఘట్టమైతే పడమర వైపు చెట్లు, బిల్డింగులు అడ్డు లేని చోటు కావాలి. ఖిల్లా గుట్ట ఎత్తు పనికొస్తుంది కానీ చీకటి పడకముందే దిగిపోయేలా చూసుకోవాలి. లేదంటే ఊరి బయట పొలం గట్టు చాలు. వెలుగు బాగా ఉన్నప్పుడు ముందు నెలవంకను వెతకండి, శుక్రుడు ఆ పక్కనే ఉంటాడు. మామూలు బైనాక్యులర్ ఉంటే పని చాలా తేలికవుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. 2023లో చంద్రుడు, శుక్రుడు సూర్యుడికి సుమారు 35 డిగ్రీల దూరంలోనే ఉన్నారు. సూర్యుడు ఆకాశంలో ఉండగా బైనాక్యులర్‌ను అటూ ఇటూ తిప్పుతూ వెతికితే పొరపాటున ఎండ నేరుగా కళ్లలో పడొచ్చు, చూపు శాశ్వతంగా పోవచ్చు. సూర్యుడు ఏ గోడ చాటుకో వెళ్లేలా నిలబడి చూడాలి. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు పక్కనే పెద్దవాళ్లు ఉండాలి.

ఫోన్‌తో తీసేవాళ్లు ట్రైపాడ్ లేకపోతే ఇటుక మీదైనా ఫోన్ ఆనించండి. స్క్రీన్‌పై చంద్రుడి మీద వేలు కాసేపు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు బాగా తగ్గించండి. లేదంటే చంద్రుడు తెల్లటి ముద్దలా వస్తాడు, శుక్రుడు అందులో కలిసిపోతాడు. చెప్పిన టైమ్‌కు ఐదు నిమిషాల ముందే రికార్డింగ్ మొదలుపెట్టడం మేలు.

ఇది గ్రహణం కాదు కదా, అన్నం తినొచ్చా అని అడిగేవాళ్లూ ఉంటారు. భూమి నీడ, చంద్రుడి నీడ ఏదీ ఇక్కడ లెక్కలోకి రాదు. హాయిగా తినేసి మేడెక్కొచ్చు.

శుక్రుడొక్కడే కాదు, మిగతా గ్రహాలకూ ఈ వంతు వస్తుంది. 2024 జూలై 24 అర్ధరాత్రి దాటాక శనిని చంద్రుడు కప్పేయడం మన దేశంలో పలుచోట్ల కనిపించింది. వానాకాలం కావడంతో చాలా ఊళ్లలో మబ్బులే అడ్డు.