సుశ్రుతుని నాసాసంధానము: శస్త్రాగ్నుల తారతమ్యము

ప్రాచీన భారతీయ శస్త్రవైద్యమును గూర్చి ముచ్చటించునపుడు సుశ్రుతుని మతమున అగ్నికర్మయే సర్వోత్కృష్టమని చెప్పుట కలదు. దీనికి ఆధారము లేకపోలేదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున 11వ అధ్యాయము శస్త్రానుశస్త్రములన్నిటికంటె క్షారము ప్రధానమనుచున్నది. 12వ అధ్యాయము క్షారముకంటెను అగ్ని గొప్పదనుచున్నది. అట్లయినచో 16వ అధ్యాయమందలి నాసాసంధానవిధిలో అగ్నిప్రసక్తియే లేకుండుటకు హేతువేమి? ఈ ప్రశ్నను మేమిచట విచారింపదలచితిమి.

ముందుగా ఆ విధిని పరికింతము. తెగిన ముక్కు కొలతకు సరిపడు ఆకును గ్రహించి, ఆ ప్రమాణమున చెక్కిలి ప్రక్కనుండి కోసిన భాగమును, గీచి పచ్చిచేసిన ముక్కుకొనకు వెంటనే అతుకవలెను. రంధ్రములలో రెండు గొట్టములుంచి, పతంగము, యష్టిమధుకము, అంజనముల చూర్ణము చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో పలుమారు తడుపవలెను. అతుకు మానిన పిదప మిగిలిన భాగమును కోసివేయవలెను. ఆద్యంతములయందు పని కత్తిదే. 8వ అధ్యాయము పేర్కొన్న 20 శస్త్రములకు వాదర కొలతలు సైతము కలవు: భేదనమునకు మసూరధాన్యమంత, ఛేదనమునకు వెండ్రుకలో సగము.

ఇక అగ్ని సంగతి. దాని ఆధిక్యమునకు 12వ అధ్యాయము రెండు హేతువులు చూపినది: కాల్చిన రోగము మరల పుట్టదు, ఔషధ శస్త్ర క్షారములకు లొంగనిది అగ్నికి లొంగును. 14వ అధ్యాయము రక్తమును నిలుపు ఉపాయములు నాలుగింటిని చెప్పి, తక్కిన మూడును విఫలమైనపుడే దహనమును విధించినది. 25వ అధ్యాయమందలి నిషేధము మరింత ముఖ్యము: క్షారాగ్ని విషములు సోకిన వ్రణములను కుట్టరాదు, ముందు శుద్ధి చేయవలెను.

ఈ మూడు స్థలములను కలిపి చదివినచో సమాధానము దొరకును. అగ్ని మరల పుట్టకుండ జేయునది. సంధానమునకు కావలసినది మరల మొలకెత్తుటయే. నాసాసంధానఘట్టమున గ్రంథకర్త ఈ కారణమును స్పష్టముగా చెప్పకున్నను, కుట్టరాని వ్రణమును కల్పించు సాధనము అతుకుపనికి తగదనుట ఆయన వాక్యములనుండియే తేలుచున్నది.

ఈ వివేకము నేటి శస్త్రవైద్యమునందును కానవచ్చును. 1926 అక్టోబరు 1న బోస్టన్ నగరమున హార్వే కుషింగు, విలియం బోవీ నిర్మించిన విద్యుద్యంత్రమును కణితిని తొలగించుటకు ప్రయోగించెను. తరంగభేదమున ఒకే విద్యుత్తు కోయగలదు, రక్తమును గడ్డకట్టింపనుగలదు. అయినను ఉష్ణము ప్రక్కకు వ్యాపించి సన్నని రక్తనాళములను చెఱుచును గనుక, చర్మమును అతుకు వైద్యులు పైచర్మమును తఱచు కత్తితోనే కోసి, రక్తము చిమ్ము చోట్లను మాత్రము రెండు మొనల విద్యుత్పట్టకారుతో మాడ్చుదురు.

కావున 12వ అధ్యాయపు ఆధిక్యవచనము రోగనిర్మూలనమునకు సంబంధించినదనియు, దానిని శస్త్రవైద్యమంతటికి అన్వయించుట పొసగదనియు మా అభిప్రాయము. శాస్త్రగ్రంథములలో 'శ్రేష్ఠము' అను మాట కనబడినపుడెల్ల, ఏ పనికి శ్రేష్ఠమని ప్రశ్నించుకొనుట పరిశోధకులకు విధి.