బీచ్ సిబ్బంది నియామకం (ఉత్తరాంధ్ర)

సముద్రతీర విహారస్థలాన్ని నడపడానికి, శుభ్రంగా, భద్రంగా ఉంచడానికి మనుషులను పనిలో పెట్టుకోవడం. ఉదాహరణకు, ఉత్తరాంధ్రలోని గార మండలంలో కళింగపట్నం బీచ్ ఉంది. అక్కడ వంశధార సముద్రంలో కలుస్తుంది. నదీముఖాల దగ్గర ఇసుక మేటలు, లోతు, నీటి వేగం మారిపోతుంటాయి. నిన్న మోకాటిలోతు ఉన్నచోట నేడు మనిషి మునగవచ్చు. అందుకే ఇలాంటి తీరాల్లో మొదట కావలసింది గజ ఈతగాళ్లు. అలల పోకడ చిన్ననాటి నుంచీ ఎరిగిన స్థానిక మత్స్యకార యువకులే ఇందుకు తగినవారు. అయితే ఈత ఒక్కటే చాలదు. ఊపిరి ఆడనివారికి ప్రథమ చికిత్స చేయడంలోనూ శిక్షణ ఉండాలి.

బీచ్ నిర్వహణకు ఈ ప్రాంతంలో ప్రముఖ ఉదాహరణ విశాఖ రుషికొండ. 2020 అక్టోబరులో దేశంలోని 8 బీచ్‌లకు తొలిసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైనది ఇదొక్కటే. డెన్మార్క్ కేంద్రంగా పనిచేసే సంస్థ 33 ప్రమాణాల ఆధారంగా ఇచ్చే ఈ గుర్తింపును ఏటా నిలబెట్టుకోవాలి. నిర్వహణ లోపాల వల్ల 2025లో అది తాత్కాలికంగా చేజారి, సవరణల తర్వాత తిరిగి వచ్చింది. మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకునే గదులు రోజూ కడిగేవారు, చెత్త ఎత్తేవారు లేనిదే ఏ జెండా నిలవదు. ఈతగాళ్లకు దక్కే గౌరవం వీరికీ దక్కాలి. సెలవు దినాల్లో, కార్తీక స్నానాల వేళ రద్దీ ఎక్కువ కనుక అప్పటికి అదనపు సిబ్బంది అవసరమవుతారు.