వెలనాటి గడ్డపై మతాల సంవాదం

తెనాలి, రేపల్లె, బాపట్లల చుట్టూ కృష్ణ కుడిగట్టు నుంచి సముద్రం దాకా పరుచుకున్న మాగాణి సీమను పూర్వం వెలనాడు అనేవారు. ఇక్కడి మతజీవనానికి తొలి లిఖిత సాక్ష్యాలు రేపల్లెకు చేరువలోని భట్టిప్రోలు బౌద్ధ స్తూపంలో దొరికాయి. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ వెలికితీసిన ధాతుపేటికల మీద, అంటే బుద్ధుని అస్థికలుగా పూజలందుకున్న అవశేషాలను దాచిన రాతి భరిణెల మీద, కుబేరకుడనే రాజు పేరుతోపాటు నిగమ సభ్యుల, గోష్ఠి సభ్యుల పేర్లు చెక్కి ఉన్నాయి. నిగమం వర్తక సంఘం, గోష్ఠి ధర్మకార్యానికి పూనుకున్నవారి సమితి కనుక, క్రీస్తుపూర్వపు ఆ రోజుల్లోనే మతపోషణ రాజు ఒక్కడి సొత్తు కాదని తెలుస్తుంది. కొన్ని శతాబ్దాల తరువాత చేబ్రోలులో వేయించిన శాతవాహన విజయుని సంస్కృత శాసనం సప్తమాతృకల గుడిని పేర్కొంటుంది.

పన్నెండో శతాబ్దంలో వెలనాటి చోడుల రాజధాని చందవోలులో జరిగిన వాదం ఈ చరిత్రలో అతి బాధాకరమైన ఘట్టం. పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర' ప్రకారం, శైవాచార్యుడు మల్లికార్జున పండితారాధ్యుడు రాజసభలో బౌద్ధాచార్యుని వాదంలో ఓడించగా, ఆ తరువాత ఆయన శిష్యులు ఆ బౌద్ధుని చంపారు; అందుకు రాజు పండితారాధ్యుని కళ్లు తీయించాడు. ఇది శైవుల పక్షాన రాసిన కథ, బౌద్ధుని పక్షం మనకు చేరలేదు. అయినా గెలుపోటములు తేల్చడానికి కూర్చిన సభలో ఎదుటివారి మాట వినే ఓపిక ఉండదని ఈ గ్రంథమే చాటుతోంది.

పంతొమ్మిదో శతాబ్దంలో సంవాదం రాజసభ వదిలి మాలపల్లెకూ మాదిగవాడకూ చేరింది. 1842లో మిషనరీ హేయర్ గుంటూరు రావడంతో లూథరన్ మిషన్ మొదలైంది. ఒంగోలు కేంద్రంగా పనిచేసిన బాప్టిస్టులు బాపట్ల దాకా విస్తరించారు. ఊరి బావి వద్ద, బడిలో, గుడిలో చోటు లేనివారికి ప్రార్థనామందిరం అక్షరాన్నీ గౌరవాన్నీ ఇచ్చింది కనుక, మతాంతరీకరణను కేవలం విశ్వాసపు మార్పుగా చూడటం చరిత్రకు అన్యాయం. తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబూకవధ' నాటకంతో వర్ణధర్మాన్ని హిందూ సమాజం లోపలి నుంచే నిలదీశాడు. చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో, అంతకుముందు బాప్టిస్టులుగా ఉన్న కొన్ని మాదిగ కుటుంబాలు తాము ప్రాచీన ఇశ్రాయేలు గోత్రమైన ఎఫ్రాయిము సంతతివారమని ప్రకటించుకొని యూదు ఆచారాలు పాటిస్తున్నాయి. మసీదుకు వెళ్లే నాదస్వర విద్వాంసులు దేవాలయాల్లో మంగళవాద్యం వాయించడమూ ఈ సీమ చుట్టుపక్కల పాతకాలపు సంప్రదాయమే. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన్న మౌలానా అందుకు ప్రసిద్ధ ఉదాహరణ.

ఇన్ని విశ్వాసాలు పక్కపక్కనే బతికినా కులం వాటన్నిటికీ అడ్డుగోడగానే నిలిచింది. తెనాలి దగ్గరి చుండూరులో 1991 ఆగస్టు 6న జరిగిన దళితుల ఊచకోత దానికి రక్తసాక్ష్యం. ఆ గోడ చట్టంలోనూ ఉంది: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది; 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించినా, దళిత క్రైస్తవులకు ఆ తలుపు తెరవలేదు. అందువల్ల ఆదివారం చర్చికి వెళ్లే దళితుడు ఆ హోదా కోసం ధ్రువపత్రంలో హిందువుగా మిగలవలసి వస్తోంది. తెనాలి, రేపల్లె, బాపట్లల్లో ఎక్కడ సర్వమత సభ జరిపినా, దాని మొదటి చర్చాంశం ఈ ఉత్తర్వే కావాలి.